గ్వెండా మామ్మకి వినపడలేదు

హలో… ఆ, నేనే, మార్నీని. చెప్పండి లెస్టర్ గారూ…

…బండిలోనే ఉన్నా. ఈ దిబ్బ మీద తప్ప ఎక్కడా సిగ్నల్ రాదుగా. చేతినిండా గ్రీజు, ఫోన్ స్పీకర్లో పెట్టా.

…ఎవరు వింటారండీ! నేనూ, ఈగలూ. బండిలో వైర్‌లెస్ సెట్టు కూడా నోరు మూసుకుంది. చుట్టుపక్కల ఫారాలన్నిటికీ ఒకటే ఛానెల్, ఈపాటికి అందరూ అందులో పడి కబుర్లాడుతుంటారు. ఇవాళేమైందో మరి.

…ఫలితాలా? బ్రహ్మాండం. గ్వెండా మామ్మకి ఒక్క ముక్క వినపడలేదు.

…అదేనండీ, పక్క ఫారం ఆవిడ. చాటుగా వినేవాడు లేకపోతే మన పరిశోధనకి విలువే లేదన్నారు కదా మీరు? గొర్రెల తొట్టిలో నీళ్ళెన్నున్నాయో మన డబ్బా చెబుతుంటే, దొంగచాటుగా వినేంత తీరిక ఇక్కడ ఏ దొంగకుందీ? అందుకని ఆవిడ చేతికే రిసీవరిచ్చి, 'మా డబ్బా ఏం చెబుతోందో విను మామ్మా' అన్నా. పాపం, అల్లిక పక్కన పెట్టి మరీ వింది. గోల తప్ప ఇంకేం లేదంది.

…అవును, రహస్యం భద్రం. అభినందనలు మీకే. కాకపోతే ఒక చిన్న సంగతి… మనక్కూడా వినపడలేదు.

…వినపడలేదంటే వినపడలేదనే! అది అసలు మాట్లాడితేగా?

…డబ్బాకి బ్యాటరీ లేకపోయె. టీవీ టవర్ వదిలే తరంగాల్లోంచి అది ఏరుకునే కరెంటెంత? పిచిక్కి నూకలంత. టీవీ వాళ్ళు వాడని సందులో దూరి 'నీళ్ళయిపోయాయి' అని ఒక్క మాట చెప్పడానికే చాలీచాలదు. మీరేమో ఎవరూ వినకుండా ముందు గోల చెయ్యమన్నారు. చేసింది. గోలకే ఊపిరంతా అయిపోయింది.

…'ఇంకాస్త గోల, మార్నీ, ఇంకాస్త' అని పెంచమన్నదెవరండీ?

…ఆ, ఎండిపోయింది. చివరి కంచె దగ్గరి తొట్టి. ఈ ఎండల్లో.

…పోయాయి. నాలుగు పొట్టేళ్ళు.

…వట్టి గొర్రెలేమిటండీ! ఈ ఫారం యజమాని క్లారీ వెనింగ్‌వి, పోటీలకి తీసుకెళ్ళే పొట్టేళ్ళు. ఒక్కోదానికీ పేరుంది. రోజూ వెళ్ళి తొట్టి చూసుకునే మనిషి. 'ఇంక నీకెందుకు శ్రమ, మా డబ్బా చూసుకుంటుంది' అన్నా. నా మాట నమ్మి మానేశాడు.

…అతనికింకా తెలీదు. పొద్దున్న నేనే చూశా. మిగతావాటిని పక్క తొట్టికి తోలి ఇలా వచ్చా. ఇప్పుడెళ్ళి చెప్పాలి.

…ఎందుకు చెప్పకూడదూ?

…తెలుసు, రేపు నిధులిచ్చేవాళ్ళొస్తున్నారు.

…ఎండదెబ్బని చెప్పాలా? …నక్కా! నాలుగు పొట్టేళ్ళని చంపిందంటే అది ఏనుగంత నక్కయ్యుండాలి లెండి.

…ఏమిటీ? …నా కాంట్రాక్టు కూడా పోతుందా?

…సరే. ఎండదెబ్బే. నక్క వద్దు. సిగ్గుగా ఉంది, అయినా సరే అంటున్నా.

…రాసుకోండి. 'బయటికి ఒక్క మాటా పొక్కలేదు' అని రాసుకోండి. ఆపరేషన్ సక్సెస్, పేషంటే పోయాడు.

…ఉండండి, కాలు తిమ్మిరెక్కింది. ఈ పనిముట్ల పెట్టె కాస్త జరపనీ—

…అయ్యో.

…అయ్యయ్యో!

…మైకండీ, వైర్‌లెస్ మైకు! పెట్టె దాని మీద కూర్చుంది. బొత్తాం నొక్కుకుపోయింది.

…ఎప్పట్నుంచా? మీరు ఫోన్ చేసినప్పట్నుంచీ! పాడు పెట్టె, ఇప్పుడు తీశా! మన బొత్తాం నొక్కి ఉన్నంతసేపూ వాళ్ళు వినాల్సిందే, మాట్లాడ్డానికి ఉండదు. ఎవరికీ నోరు లేవలేదేమిటా అనుకున్నా.

…మీ గొంతు కూడానండీ. స్పీకర్లో పెట్టానని ముందే చెప్పాగా!

…ఉండండి, ఎవరో మాట్లాడుతున్నారు… గ్వెండా మామ్మ. ఈసారి ముక్క పొల్లు పోకుండా వినపడిందిట. నక్కతో సహా.

…ఇప్పుడు మెల్లగా మాట్లాడి ఏం లాభం! దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

…ఉష్. క్లారీ.

…తిట్టట్లేదు. తిట్టినా బావుండు. 'ఇంకేమన్నా దాచావా, మార్నీ?' అంటున్నాడు.

…మీరాగండి లెస్టర్ గారూ. అడిగింది నన్ను.

క్లారీ… నేనే. ఇంకేం లేదు. నువ్వు విన్నదంతా నిజం. చెప్పకూడదనుకున్నా, అదీ నిజమే.

…ఆ, ఫోన్లోనే ఉన్నారు.

…సరే.

లెస్టర్ గారూ, క్లారీ మీతో మాట్లాడతాట్ట. ఆ ఎండదెబ్బ మాట మీ నోటితో ఇంకోసారి చెప్పమంటున్నాడు. ఫోన్ మైకు దగ్గర పెడుతున్నా, చెప్పండి…

…హలో?

…లెస్టర్ గారూ? హలో?

…పెట్టేశాడు, క్లారీ. నేనున్నా. తొట్టి దగ్గరికి వస్తున్నా.