మనవడి తరఫున సాక్ష్యం

రోమన్ల నాటి సలోనా పట్నంలో తెల్లారితే బాప్తిస్మాలు. పిండి పిసుకుతున్న అమ్మమ్మ ప్రాణం తోడేస్తున్నాడు సిపాయి మనవడు.

"మనుషుల్ని చంపేవాడికి బాప్తిస్మం ఇవ్వరట. సంఘపెద్ద అడిగితే, మావాడు ఎవర్నీ చంపడండీ అను. అంతే!"

"చంపవా మరి?"

"దళపతి చంపమంటే కాదంటానా?"

"ఈ వయసులో నాచేత అబద్ధమాడిస్తావుట్రా?"

"ఎల్లుండి డాన్యూబ్ నది ఒడ్డుకి యుద్ధానికెళ్తున్నా అమ్మమ్మా! బాప్తిస్మం లేకుండా చస్తే నా గతేంటి?"

"నీ చేతిలో చచ్చేవాడి గతో? అవతలి ఒడ్డున కూడా మన ప్రభువును నమ్మినవాళ్లున్నారు కదరా!"

"అబ్బబ్బా! ఇంతకీ సాక్ష్యం చెప్తావా, చెప్పవా?"

"చెప్పకేం నాయనా, ఎత్తుకు పెంచినదాన్ని! బంగారంలాంటి పిల్లాడండీ, ఎవరేం చెప్పినా కాదనడు, చంపమంటే చంపుతాడు కూడా అని చెప్తాను."