మహాలా వంతెన దాటిన రోజు

నీకు మహాలా అని ఎవరి పేరు పెట్టారనా? మా పెద్దమ్మ పేరు తల్లీ. పొడుగ్గా ఉండేది, మాట తక్కువ. మా అమ్మ అలా కాదు, నోరు తెరిచిందంటే... సరే, అదెందుకులే ఇప్పుడు. పెద్దమ్మ ఒక దొర పత్తితోటలో బానిసగా ఉండేది, ఆమె మొగుడు ఈనస్ పెదనాన్న వాగవతల ఇంకో దొర తోటలో. మధ్యన నాలుగు మైళ్ళే. కానీ దొర చీటీ రాసిస్తేనే కదలాలి. వంతెన మీద అబ్నర్ అని ఒక తెల్లవాడు, మోకాళ్ళ మీద కొరడా, పక్కన కుక్కా పెట్టుకుని కూర్చునేవాడు. ఒక ఆదివారం చీటీలో రాసిన వేళ దాటిందని పెదనాన్న వీపు చీల్చేశాడు.

తర్వాత మా బానిసత్వం మీద జరిగిన యుద్ధం అయిపోయింది కదా, పటాలం ఆఫీసరొచ్చి కాగితం చదివాడు, ఇక మీరు ఎవరి సొత్తూ కాదని. అందరూ ఏడుపులూ పాటలూ. పెద్దమ్మ మాత్రం చిక్కుళ్ళు వలుస్తూనే ఉందట. ఏమే అక్కా, వినపడలేదా అని అమ్మ అడిగితే, "విన్నాను. నడిచి చూస్తేగానీ నమ్మను" అందట.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, పత్తి సాళ్ళలో పార వదిలేసి, మొక్కజొన్న రొట్టె గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. అబ్నర్ ఉండనే ఉన్నాడు. అలవాటు చొప్పున "చీటీ ఏదే?" అన్నాడు. ఈవిడ చెయ్యీ చీటీ కోసం దానంతటదే జాకెట్లోకి పోయిందట.

"లేదు," అంది.

"ఎక్కడికి?"

"మా ఆయన దగ్గరికి."

వాడు కుక్కని దగ్గరికి లాక్కుని, వాగుకేసి తిరిగి కూర్చున్నాడు. అంతే. ఇప్పుడు కొరడా పడుతుంది, ఇదిగో పడుతుంది అని వంతెన పొడుగునా వీపు బిగబట్టుకుని నడిచిందట. పడలేదు. అవతలి గట్టుకి చేరాక గడ్డిలో కూలబడి, ఒక్కతే నవ్వుకుందట, చాలాసేపు.

పెదనాన్న పొలంలో ఉన్నాడు. పనిరోజున, పట్టపగలు పెళ్ళాం రావడం చూశాడు. ఎవరో చచ్చిపోతేనే కదా అలా పంపేది. పరిగెత్తుకొచ్చి, "ఎవరు పోయారే?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. ఊరికే వచ్చాను."

ఊరికే... ఆ మాట ఆయన ముసలాడయ్యాక కూడా చెప్పుకుని కళ్ళు తుడుచుకునేవాడు. ఇద్దరూ అక్కడే గట్టు మీద కూర్చుని, ఆ రొట్టె చెరి సగం తిన్నారట...

ఆ కిటికీ వెయ్యమ్మా. జల్లు లోపలికి కొడుతోంది.