అమెరికా దయ్యానికి కరీంనగర్ గొంతు

కరీంనగర్, క్రిస్టియన్ కాలనీ, పట్టపగలు పదకొండు. గోడ బీరువల బయటి సప్పుడు దూరకుండ రెండు రగ్గులు కట్టుకొని, ఫోన్ ముంగట పెట్టుకొని ఆరాధన కూసున్నది. ఈ బీరువ తప్ప నోరు తెరిచే జాగ తనకు ఇంకోటి లేదని ఆమె నమ్మకం. బయట ఆమె తల్లి మగ్దలేనమ్మ.

"తియ్యవా తలుపు?"

"తియ్య."

"పాస్టరయ్యకు ఫోన్ చేస్త మల్ల."

"బీరువ తలుపు తీసుటానికి పాస్టరయ్య ఎందుకే అవ్వా? తలుపులు చేసే వడ్లాయనను పిలువు."

"నవ్వులాటనా నీకు? లోపటికెల్లి ఏమో సప్పుడొచ్చింది. ఆడిదో మగోడిదో తెల్వలే. ఐదో నంబర్ మీదికి రమ్మంటున్నది. చేతుల గిన్నె జారి పడ్డది నాకు."

"గది నేనే."

"నువ్వే అని నాకేం ఎరుక?"

"ఎరుక లేకేమున్నది? మెడ ఆపరేషన్ల నరం దెబ్బతిన్న కాడికెల్లి నా గొంతు గిట్లనే గదా. ఏడాదిన్నర."

"గా మాట ఇప్పుడెవలెత్తిండ్రు? చారు కాగుతున్నది. రా, తిందువు."

"రెండింటికల్ల పంపాలె అవ్వా. పదకొండు మాటలే. జర ఊకో."

"ఎవలికి పంపాలె?"

"జోయల్‌కు. మన చర్చిల మైకులు పెట్టెటోడు, ఇప్పుడు హైదరాబాద్‌ల డబ్బింగ్ స్టూడియోల చేస్తుండు గదా."

"జోయల్ మంచి పిలగాడు. ఏం పంపుతున్నవు? పాటనా?"

"పాట గాదు."

"వాక్యమా?"

"సినిమాకు గొంతు. ఇంగ్లీష్ సినిమాను తెలుగుల మారుస్తుండ్రు."

"ఎవలి గొంతు?"

"ఒకామెది."

"ఏ ఒకామె?"

"చచ్చిపోయినామె."

"చచ్చిపోయినామె మాట్లాడుతదా?"

"మాట్లాడుతది. అందుకే అది సినిమా."

"ప్రభువా! దయ్యమా? ఆరాధనా, దయ్యానికి చెప్తున్నవా నువ్వు?"

"మెల్లగనవే. పక్కింట్ల జమాల్ ఖాలా ఇంటది."

"ఇన్న బేటీ. ఇన్నందుకే ఉరికొచ్చిన. ఏమైందక్కా? మిషన్ మీద కూసొని జాకెట్ చేతులు కుడుతున్న. మీ ఇంట్లకెల్లి 'బండి కదులుతున్నది' అని ఇనవడ్డది. సూది వేలికి దిగింది."

"రా జమాలూ, నువ్వన్న జర గడ్డి పెట్టు దీనికి. దయ్యానికి గొంతిస్తదట."

"ఏ సినిమా బేటీ?"

"రైల్వే స్టేషన్‌ది ఖాలా. స్టేషన్ల అనౌన్స్ చేసే ఆమెను ఎవలో గొంతు పిసికి చంపుతరు. ఆమె మల్ల మైకులకెల్లి మాట్లాడుతది..."

"అరె, చూసిన! జపాన్‌ది చూసిన. దాన్నే అమెరికావాళ్లు మల్ల తీసిండ్రు, గది సుత చూసిన. ఇప్పుడు తెలుగుల వస్తున్నదా?"

"నమాజు చదువుకునేదానివి, గివెందుకు చూస్తవే జమాలూ?"

"నమాజుకు నమాజు, సినిమాకు సినిమా. జాకెట్లు కుట్టేటప్పుడు చేతులకే పని గదక్కా. ఇను, చెప్త. జపాన్‌దాంట్ల దయ్యం కనవడదు. మొత్తం సినిమాల ఒక్కపారి సుత మొఖం చూపియ్యదు. మైకుల మెల్లగ అంటది, ఐదో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి బండి వచ్చిందని. గా స్టేషన్ల ఉన్నవే నాలుగు ప్లాట్‌ఫారాలు."

"నాలుగే ఉంటె ఐదోది ఏడికెల్లి వచ్చింది?"

"గదే కదా! ఒక ముసలాయన సంచి పట్టుకొని లేస్తడు. నడుస్తడు. పోతడు. మల్ల రాడు. గంతే. ఎవ్వలు ఒర్రరు, డప్పు లేదు, గంట లేదు. మూడు దినాలు బాత్రూంకు మా ఆయన నజీరుద్దీన్‌ను తోలుకపోయిన. బయట నిలబడి బీడీ తాక్కుంట, 'ఉన్నవా, ఎక్కినవా బండి' అని నన్నే అడుగుతుండు."

"మరి అమెరికాది?"

"అక్కా! అడుగుతున్నవా నువ్వు?"

"అడుగుతలేను. ఊకనే అన్న."

"అమెరికావాళ్లకు సబర్ లేదక్కా, ఓపిక పట్టరు. దయ్యం వచ్చిందంటె ఊకుండరు. ఎవలు చంపిండ్రు, ఎందుకు చంపిండ్రు, దయ్యం ఏ బడిల చదివింది, అన్నిటికి కాగితాలు తీస్తరు. టాక్సీ నడిపే ఒకామె ఉంటది. నిద్రుండదు, సిగరెట్లు తాగుతది, మొగడు విడిచిపెట్టిపోయిండు. గామెనే తిరిగి తిరిగి అన్ని కనుక్కుంటది. మస్తు చేసిందిలే గామె, జూటా మాట ఎందుకు. గని ఆఖరికి ఏం చేసిండ్రు ఎరుకేనా? స్టేషన్‌కు బాంబు పెట్టిండ్రు. చచ్చినదాన్ని మల్ల చంపుడేందో!"

"మనోళ్లు తీస్తె ఎట్లుండేదో."

"మనోళ్లు తీస్తె దయ్యానికి ఒక మరదలుంటది. ఇద్దరికి కలిపి పాటుంటది. ఇంటర్వెల్‌కు నిమ్మకాయలు కోస్తరు."

"ఖాలా, అవ్వా, మీ ముచ్చట అయిందా? రికార్డింగ్ వత్తిన. ఒక్క సప్పుడు చెయ్యొద్దు ఇద్దరు."

"చెప్పు బేటీ, చెప్పు. మేం ఊపిరి సుత తీసుకోం."

"'ప్రయాణికులకు మనవి. మీ బండి ఐదో నంబర్ ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నది. సామాను అవసరం లేదు.'"

"ఇన్నవా జమాలూ? సామాను అవసరం లేదట!"

"అవ్వా!"

"నా బిడ్డ నోట్లకెల్లి గీ మాటనా? బయటికి రా! విడిచిపెట్టు నా బిడ్డను, బయటికి రా! వస్తవా రావా?"

"తలుపు గుద్దకే, రగ్గు మీద పడుతున్నది! ఎవలను విడిచిపెట్టాలె? ఉన్నది నేనొక్కదాన్నే!"

"పన్నెండేండ్లు చర్చిల పాడినవు గా గొంతుతోని. క్రిస్మస్‌కు నీ పాట ఇననీకి చెన్నూరు నుంచి బస్సెక్కి వచ్చెటోళ్లు. గసుంటి గొంతును తీస్కపోయి దయ్యానికిస్తవా?"

"గా గొంతు ఏడున్నదే ఇయ్యనీకి? ఉంటె చూపియ్యి."

"వస్తది."

"అవ్వా, కూరగాయల అంతయ్య దగ్గర టమాటలు కావాలంటె ఫోన్ల టైపు చేసి చూపిస్త. నేను మూగదాన్ననుకుంటుండు ఆయన. పాపమని ఏసారికి ఆసారి పావుకిలో ఎక్కువేస్తుండు."

"గందుకేనా మీ ఇంట్ల రోజూ టమాట చారు?"

"జమాలూ, నువ్వు జర ఊకో. నేను వద్దన్ననా మాట్లాడద్దని? మాట్లాడు. ఎవలొద్దన్నరు?"

"మాట్లాడితె పిల్లలు నవ్విండ్రు. బడిల పాటల టీచర్‌ను, నోరు తెరిస్తె కప్ప అరిచినట్టుండె. నెలకే మానేసిన. ఇప్పుడు ఒకాయన అడిగిండు, గీ బొంగురు గొంతే కావాలె అని. ఏడాదిన్నరల మొదటిపారి ఎవలో నా గొంతు కావాలన్నరు. దయ్యానికైతె ఏంది? దయ్యమన్న అడిగింది గదా!"

"నీకు సమజ్ గాదు."

"ఏం సమజ్ గాదు?"

"చెప్ప."

"చెప్పు."

"చెప్తె నవ్వుతరు మీరు."

"చెప్పక్కా. నవ్వం."

"నాలుగింటికి లేస్తున్న రోజు. గా గొంతు మల్ల ఇయ్యి ప్రభువా అని అడుగుతున్న. గీ గొంతుకే పని దొరికింది, నువ్వు ఖుషీగున్నవు అనుకో. ఆయనేమనుకుంటడు? సరే, గామెకు గిది చాలు, ఇగ పాతది ఎందుకు అనుకుంటడు. ఇయ్యడు."

"అంటె... పై నుంచి ఫైల్ మూసేస్తడంటవా?"

"మూసేస్తడేమోనని బుగులు నాకు. మా పింఛన్ ఆఫీసుల గట్లనే చేసిండ్రు."

"అవ్వా."

"ఏంది?"

"పోయిన జూన్ల డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే పోయిన. నీకు చెప్పలే."

"ఏమన్నడు?"

"నరం ఇగ రాదన్నడు."

"రాదా?"

"రాదు."

"జర సుత?"

"మాట వస్తది. గిదే మాట. పాట రాదు. నువ్వు నాలుగింటికి లేస్తున్నవని ఎరుకే నాకు, పక్క మంచం మీద పన్నదాన్ని. నువ్వు అడుగుడు ఇనుకుంట గమ్మున పంటున్న. ఎట్ల చెప్పాలె? చెప్తె గా లేచుడు సుత మానేస్తవని బుగులు నాకు."

"అక్కా, కూసో. జర నీళ్లు తాగు."

"వద్దు జమాలూ. ఆరాధనా. తలుపు తియ్యి బిడ్డా."

"తీస్త. పదకొండు మాటలు చెప్పనియ్యి ముందు."

"చెప్పు. నేను సప్పుడు చెయ్య."

"దయ్యమే అవ్వా."

"దయ్యమే కానీ. రాగం తియ్యకు గని. పాటలు పాడి పాడి ప్రతి మాటకు ఆఖరికి రాగం తీస్తున్నవు. జపాన్ దయ్యం రాగం తియ్యదని చెప్పిందిగా జమాలు."

...

"ఇంకింత చారు పొయ్యాల్నా?"

"చాలవ్వా. పంపి అద్దగంటాయె. జోయల్ చూసినట్టే ఉన్నది, ఏమనలే."

"తింటాంటె ఫోన్ దిక్కే చూస్తున్నది మీ బిడ్డ. వచ్చింది, వచ్చింది! మోగింది, చూడు."

"ఏమన్నడు జోయల్?"

"దయ్యానికి నేను పనికిరానంట."

"పీడ వోయింది."

"అక్కా!"

"అంటే... మంచిదే గదా అని. గని ఎందుకు పనికిరాదంట? ఏం తక్కువైందంట వానికి? నా బిడ్డ ఒక్క మాట అంటె నా చేతుల గిన్నె పడ్డది! జమాలు వేలికి సూది దిగింది! ఇంకేం కావాలంట? ఫోన్ కలుపు, నేనడుగుత."

"ఆగవే! తప్పు ఫైల్ పోయింది. మంచిగ చెప్పింది ఈన్నే ఉన్నది. ముందుగాల రికార్డింగ్ వత్తి ఆపలే సూడు, గది పోయింది. మీ లొల్లంత ఉన్నది దాంట్ల. టమాటలు, తలుపు గుద్దుడు..."

"డాక్టర్ మాట సుతనా?"

"అన్ని."

"ఇజ్జత్ పోయింది. పింఛన్ ఆఫీసు ముచ్చట సుత ఇన్నరా?"

"ఇంకా ఏమో రాసిండు. నాతోని గాదు ఖాలా, నువ్వు చదువు."

"దే, ఇటియ్యి. ఏడ్వకు బేటీ, నాకు అక్షరాలు కదులుతున్నయి. 'ఆరాధనా, నువ్వు దయ్యం మాటలు చెప్పింది మంచిగనే ఉన్నది గని నటించినట్టున్నది. మా డబ్బింగ్ డైరెక్టర్ ఓంప్రకాశ్ సార్ ఆపుమన్నడు. నేను ఆపేలోపు నువ్వు మీ అవ్వతోని మాట్లాడుడు వచ్చింది. సార్ మల్ల ఆపుమనలే. ఆఖరిదాక ఇన్నడు. ఇని, గీ గొంతుల ఇంత మనిషి ఉన్నది, దయ్యానికి ఎందుకు దండుగ చేస్తున్నవ్ అని నన్ను తిట్టిండు. టాక్సీ నడిపే ఆమెకు నువ్వే చెప్పాలంట. నాలుగు వందల మాటలు. సోమవారం బస్సెక్కు.'"

"టాక్సీ ఆమె అంటె... గా సిగరెట్లు తాగెటామెనా?"

"గామెనే అక్కా! హీరోయిన్!"

"నాలుగు వందల మాటలా? ఏడాదిన్నరల నాతోని సుత అన్ని మాట్లాడలే గదనే నువ్వు."

"మాట్లాడుత అవ్వా. నీతోని మాట్లాడుకుంటనే నేర్చుకుంట."

"ఏడ్వకు, ముక్కు తుడుచుకో. నేనేం ఏడుస్తలేను. చారుల మిరియం ఎక్కువైంది."

"ఇద్దరు జర ఆగుండ్రి, ఇంకింత ఉన్నది. 'దయ్యానికి సుత సార్‌కు ఒక గొంతు నచ్చింది. వెనుకకెల్లి తలుపు గుద్దుకుంట, విడిచిపెట్టు, బయటికి రా అని ఒర్రినామె ఎవలని సార్ అడిగిండు. సార్ చెవులకు పెట్టుకున్నది తీసి బల్ల మీద పడేసిండు. గసుంటిది హైదరాబాద్ మొత్తం తిరిగినా దొరకదంట. వచ్చేటప్పుడు ఆమెను సుత తోలుకొని రా.'"

"ఎవలు, నువ్వా జమాలూ?"

"నేనెప్పుడు తలుపు గుద్దిన?"

"మరెవలు?"

"అక్కా."

"ఏంది, గట్ల చూస్తుండ్రు ఇద్దరు? నన్నా? నేను చర్చిల మహిళా సమాజం సెక్రటరీని!"

"సరే అవ్వా. రాదు అని రాస్తున్న."

"రాయి."

"రాసిన. పంపుతున్న."

"ఆగు. ఆగవే, జర ఆగు... జపాన్‌దాని లెక్క మెల్లగ చెప్పాల్నంట, అమెరికాదాని లెక్క ఒర్రాల్నంట?"