సొరంగంలో గూడు

"తియ్యమ్మా, నన్ను బయటికి తియ్! ఊపిరాడ్డం లేదు!"

"తీసేశాను బాబాయ్, మెల్లగా గాలి పీల్చండి." గనుల ఊరి ఆసుపత్రిలో స్కానింగ్ చేసే అమ్మాయి రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా రిటైరైన పెద్దాయన వీపు నిమిరింది. "కానీ ఈ స్కాన్ లేకుండా వెన్నెముక ఆపరేషన్ చెయ్యరు. కాళ్లు పడిపోతాయి."

"తెలుసు. ఈ మిషను గొట్టం లోపలికెళ్తే కిరండూల్ రైలు లైన్లో సొరంగమే గుర్తొస్తంది. బండొస్తే గోడలో ఉన్న గూట్లోకి నక్కాలి. ఆరోజు నక్కాను. ఇనపరాయి మోసే గూడ్సుబండి నా మొహం ముందే ఆగిపోయింది. పొద్దుగూకేదాకా అది కదల్లేదు, నేను గూట్లోనే ఇరుక్కుపోయాను."

"అయ్యో! అయితే ఈసారి ఒంటరిగా వద్దు. మీవాళ్లొకరు మీ పాదం పట్టుకుని నిలబడొచ్చు. బయటున్న మీ బావగారిని పిలుస్తాను."

"ఆయనొద్దు! నువ్వే పట్టుకో."

"పట్టుకుంటాను. ఆయనెందుకొద్దు?"

"బండి రాదని చెప్పి నన్ను సొరంగంలోకి పంపిన మేస్త్రీ ఎవరో మా ఆవిడకి కూడా చెప్పలేదమ్మా."

"ఎవరు బాబాయ్?"

"ఆవిడ అన్నే. బయట కూర్చున్న జయరావే."