రోకఫోస్క దొరలూ, రేపటి బస్సూ

మర్నాడు పొద్దున్న బస్సుకి రెమేయ్ లేయిదా పట్నంలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోతోంది. ఇక రాదు. ఆ సంగతి రోకఫోస్క ఊరంతటికీ తెలుసు. కిర్సె కాఫీ అంగడి అరుగు మీద కూర్చుని ఆమె రాయితో బాదంకాయలు పగలగొడుతోంది. ఎదురుగా కమ్మరి బాల్దిరి. ఆమెలాగే ఒంటరివాడు. సాయంత్రమంతా కొండమీది శిథిలమైన కోటకేసి చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు.

"దల్మావ్ దొర గుర్రానికి లాడం కొట్టిందెవరు? మా ముత్తాతకి ముత్తాత. ఒక్క దెబ్బ, అంతే."

"ఒక్క దెబ్బకే?" అన్నాడు కిర్సె గ్లాసు తుడుస్తూ.

"నాలుగు కాళ్ళకీ కలిపి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దల్మావ్ పోయి కొడుకు బెరెంగేర్ గద్దెనెక్కాడు. పక్క సీమ దొర సైన్యంతో వచ్చి కోట చుట్టూ దిగాడు. మావాడు కొలిమి తిత్తిని బురుజెక్కించి ఊదాడయ్యా! గుర్రాలూ, డేరాలూ, వంటకుండలూ పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సులో పడ్డాయి. కుండల్లో చారు ఇంకా సలసలా మరుగుతోందట."

"ఉప్పు సరిపోయిందా?" అంది రెమేయ్.

"కాస్త తక్కువ," అన్నాడు తడుముకోకుండా. "ఆ తర్వాత బెరెంగేర్ కూతురు సిబిల్లా దొరసాని ఏలింది. ఆ కాలంలో రైతు దొర సెలవు లేనిదే పొలిమేర దాటకూడదు కదా. ఆ సెలవిచ్చే హక్కు దొరసాని మా వంశానికే కట్టబెట్టింది. మావాడు వద్దంటే మనుషులేమిటి, ఏరే ఆగిపోయేది! మబ్బులు కొండమీద నిలబడి బతిమాలుకునేవి. ఆ హక్కు దిగుతూ దిగుతూ ఇప్పుడు నా చేతిలో ఉంది. నేను సెలవివ్వందే రేపటి బస్సు కదలదు. చక్రాలు నేలకి అతుక్కుపోతాయి."

కిర్సె నవ్వలేదు. గుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

రెమేయ్ చేతిలోని రాయి పక్కన పెట్టింది. ఇతని కోతలు చిన్నప్పటినుంచీ వింటోంది. ఎంత పెద్ద కోతకైనా వణకని గొంతు ఇప్పుడు వణికింది.

"ఆ చట్టం రాజే ఎత్తేసి ఐదొందల ఏళ్ళు దాటింది, బాల్దిరీ. బళ్ళో నా పక్కన కూర్చునే నేర్చుకున్నావు."

అతను కోటకేసి చాచిన చెయ్యి దించేశాడు.

"దొరల్ని అవతల పెట్టు. నీకేం కావాలి?"

బాల్దిరి టోపీ తీశాడు.

"వెళ్ళకు," అన్నాడు చివరికి.

"ఇంత చిన్న ముక్కకి మూడు తరాల దొరల్ని లేపావా?" రెమేయ్ రాయి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రావటం లేదని చెల్లెలికి ఫోన్ చేస్తాను. ఎందుకని అడుగుతుంది. దానికి జవాబు మాత్రం నువ్వే చెప్పు, ఇంతే క్లుప్తంగా."