రెండు పాయింట్ నాలుగు ఆపొద్దు

ముందుగది. టీవీ బల్ల మీద రౌటర్. పొద్దున పదకొండు కావస్తోంది. కోడలు, మావగారు.

"ఆపొద్దన్నానా? వేలు తియ్యి ముందు దాని మీంచి."

"నేను రౌటర్‌ని ముట్టుకోనేలేదు మావయ్యగారూ. ఇదంతా ఫోన్లోంచే చేస్తారు."

"ఎక్కణ్ణుంచి చేస్తేనేం, ఆపుతున్నావుగా. దేన్ని ఆపుతున్నావు?"

"మన వైఫైలో రెండు సిగ్నళ్ళున్నాయిగా, అందులో రెండు పాయింట్ నాలుగుని. ఐదు ఉంటుంది. మనకి అది చాలు."

"ఎవరికి చాలు? నాకు చాలదు."

"రెండింటికీ తేడా తెలిసే అంటున్నారా?"

"ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, ఆమాత్రం తెలీదా అమ్మాయ్? ఐదంటే ఎక్స్‌ప్రెస్ లిఫ్టు. రయ్యిమని పోతుంది, కానీ అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. గోడ అడ్డమొస్తే చాలు, అలిగి కూచుంటుంది. రెండు పాయింట్ నాలుగు నత్తనడకే. కానీ స్లాబు ఉన్నా గోడ ఉన్నా దూరిపోతుంది. పైకీ పోతుంది, కిందకీ పోతుంది."

"కిందెవరున్నారు మనకి? పార్కింగే కదా."

"మాటవరసకన్నాను."

"ఇంత వివరంగా ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్తేగానీ తెలీదా నాకు? అసలు నువ్వెందుకు ఆపుతున్నావో అది చెప్పు."

"రేపు పదకొండింటికి నాకో పెద్ద మీటింగ్ ఉంది, వీడియోలో. ఈ లాప్‌టాప్ ఐదులో ఉన్నట్టే ఉండి, మధ్యలో చెప్పాపెట్టకుండా ఆ నత్త దాంట్లోకి దూకేస్తోంది. బొమ్మ ఆగిపోతోంది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతున్నాను. పైగా చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఆ రెండు పాయింట్ నాలుగులోనే. సంతలా ఉందక్కడ."

"నీకు రోజూ మీటింగులేగా. రేపటిదానికేంటి ప్రత్యేకం?"

"అదీ... పెద్దవాళ్ళు వస్తారు. పైవాళ్ళు."

"ఎంత పైవాళ్ళు?"

"బాగా పైవాళ్ళు. చాలా? ఆపేస్తున్నాను మరి."

"మరి నా పాటలు?"

"పాటలేంటి?"

"పదింటికి మేడెక్కి నడుస్తానా, లేదా? పాట లేకపోతే నాకు కాళ్ళు కదలవు. ఐదు మేడ మీదకి రాదు. రెండు పాయింట్ నాలుగు ఆగితే పాట ఆగుతుంది. పాట ఆగితే నడక ఆగుతుంది. నడక ఆగితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడుగా. గుండెకి స్టెంటు వేసి నాలుగు నెలలన్నా కాలేదు. రోజూ నలభై నిమిషాలు నడవాల్సిందే. మీ అత్త హాస్పిటల్లో డ్యూటీలో ఉండి కూడా నీకు ఫోన్ చేసి అడుగుతుంది, మీ మావయ్య నడిచాడా అని."

"అడుగుతారు. నడిచారత్తయ్యా, పైనుంచి పాటలు వినబడ్డాయి అని నేనూ చెప్తాను."

"అదీ. బంగారం లాంటి కోడలివి."

"కూచోండి మావయ్యగారూ."

"ఎందుకు?"

"ఇప్పుడే నలభై నిమిషాలు నడిచొచ్చారుగా, అలిసిపోయుంటారు."

"నాకేం అలుపు? సరే, అడిగావు కాబట్టి కూచుంటా."

"చెమట పట్టలేదేం?"

"పైన గాలి బాగుంది."

"ఇది చూడండి. ఏ ఫోన్ ఎంత దూరంలో ఉందో ఈ రౌటర్ గీతల్లో చూపిస్తుంది. దగ్గరికొస్తే గీతలు పెరుగుతాయి, దూరం పోతే తగ్గుతాయి. మేడ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగే మనిషి జేబులో ఫోన్ ఉంటే గీతలు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి కదా?"

"ఉండాలి కాబోలు."

"మీ ఫోన్ పదీ ఐదు నుంచి పదీ నలభై ఐదు దాకా మూడు గీతలు. మూడంటే మూడే. నిన్న మూడు. మొన్న మూడు."

"నేను నిలకడ గల మనిషిని."

"ఎంత నిలకడ గల మనిషైనా నడిస్తే కదులుతాడు."

"ఆ గీతలే పాడైపోయుంటాయి. బాగుచేయించు."

"ఫోన్ని నీళ్ళట్యాంకు మీద పెట్టి, పాటలు గట్టిగా పెట్టి, మీరు చల్లగా మెట్లు దిగి వెళ్ళిపోతున్నారు. అవునా, కాదా?"

"ట్యాంకు మీద కాదు."

"మరి?"

"పిట్టగోడ మీద. ట్యాంకు మీద ఎండ తగిలి ఫోన్ వేడెక్కుతుంది."

"మావయ్యగారూ."

"అరవకు."

"అరవట్లేదు. ఎక్కడికెళ్తున్నారు రోజూ?"

"ఎక్కడికీ వెళ్ళను. కింద నీడగా ఉంటుంది. కాసేపు కూచుంటాను. నడకంటావా, సాయంత్రం నిజంగానే నడుస్తున్నాను. సాయంత్రం గీతలు చూడు, ఎలా ఎగురుతుంటాయో."

"చూశాను. అందుకే పొద్దుటివి చూసి అనుమానం వచ్చింది. కింద ఒక్కరే కూచుంటారా?"

"ఒక్కణ్ణయితే ఏం, ఇద్దరమైతే ఏం."

"ఇద్దరా? ఆ రెండోవాళ్ళెవరు?"

"మాటవరసకి."

"మీకీమధ్య మాటవరసలు ఎక్కువయ్యాయి. సిగరెట్టా?"

"ఏంటీ?"

"సిగరెట్లు మళ్ళీ మొదలెట్టారా? దాపరికం లేకుండా చెప్పండి."

"సరే, సిగరెట్టే అనుకో."

"అనుకోవడమేంటి? కాలుస్తున్నారా, లేదా?"

"నువ్వలా అనుకుంటే నాకేం అభ్యంతరం లేదంటున్నాను."

"కాల్చకపోతే కాల్చలేదని ఒట్టేసి చెప్పాలిగానీ, అనుకోమంటారేంటి? ఇలా కాదు, అత్తయ్యగారికి ఫోన్ చేస్తాను."

"చెయ్యవు."

"ఎందుకు చెయ్యను? ఇదిగో, నొక్కాను."

"అమ్మాయ్, మొన్న మంగళవారం మధ్యాహ్నం నువ్వెవరితో మాట్లాడావు?"

"మంగళవారమా? కస్టమర్లతో. ఇన్సూరెన్సు గురించి వాళ్ళు అడుగుతారు, నేను చెప్తాను. అదేగా నా ఉద్యోగం."

"రెండింటి నుంచి నాలుగింటి దాకా?"

"అంతే ఉంటుంది. ఎందుకలా అడుగుతున్నారు?"

"ముందు ఆ ఫోన్ కట్ చెయ్యి. మీ అత్త ఎత్తేస్తుంది."

"కట్ చేశాను. చెప్పండి."

"మంగళవారం దుమ్ము దులుపుదామని రౌటర్ వైరు పీకాను. తుడిచాను. వైరు మళ్ళీ పెట్టడం మర్చిపోయి పడుకున్నాను. రెండు గంటలపాటు ఇంట్లో నెట్ లేదు. ఐదూ లేదు, రెండు పాయింట్ నాలుగూ లేదు. మెలకువ రాగానే, అయ్యో పిల్ల డ్యూటీలో ఉందే అనుకుని నీ గది దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. లోపల్నుంచి నీ గొంతు. తప్పకుండా సార్, మీ ఇబ్బంది నాకర్థమైంది సార్, ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్..."

"అది నా ఫోన్లో నెట్ పెట్టుకుని..."

"నీ ఫోన్ ఇక్కడే, ఈ టీవీ పక్కన ఛార్జింగులో ఉంది."

"అవునా."

"అవును. ఎంత మర్యాదగా మాట్లాడావో. ఆ గోడ ఏం పుణ్యం చేసుకుందో అనుకున్నాను."

"నవ్వకండి మావయ్యగారూ."

"నవ్వట్లేదు. మధ్యలో ఆ సారుని ఒకసారి కోప్పడ్డావు కూడా."

"మరి ఆయన మాట్లాడింది అలా ఉంది."

"ఎవరాయన?"

"ఎవరూ లేరు లెండి."

"ఎన్నాళ్ళైంది తల్లీ?"

"మూడు వారాలు దాటింది. మా టీమంతా తీసేశారు. ఇప్పుడక్కడికి ఫోన్ చేస్తే మిషను మాట్లాడుతుంది. ఆడగొంతే. ఎలా మాట్లాడుతుందో చూద్దామని నేనే చేశాను ఒకసారి. దిక్కుమాలింది, నాకన్నా ఓపిగ్గా మాట్లాడింది."

"అప్పట్నుంచీ తొమ్మిదింటికి తలుపేసుకుని, ఆరింటికి తీస్తున్నావు. భోజనానికి తప్ప బయటికే రావు. ఎలా గడుపుతున్నావమ్మా లోపల?"

"మొదటి రెండ్రోజులూ ఏడ్చాను. తర్వాత పడుకున్నాను. కానీ గదిలోంచి మాట వినబడకపోతే అనుమానం వస్తుందిగా, అందుకని గంటకోసారి లేచి మాట్లాడుతున్నాను."

"మాతో చెప్పొద్దూ?"

"ఎవరితో చెప్పను? మీ గుండె అలా ఉంది. అత్తయ్యగారు వార్డుల్లో తిరిగి తిరిగి కాళ్ళు వాచి వస్తారు. ఇక మీ అబ్బాయికి ప్రమోషన్ వచ్చే టైము. తొమ్మిదింటికి వెళ్ళిన మనిషి ఆరున్నరకి గానీ రావట్లేదు. కుర్చీలోంచి లేవనివ్వట్లేదేమో, నడుం పట్టేసిందని రోజూ మూలుగుతున్నారు. రోజూ కాపడం పెడుతున్నాను. అలాంటి మనిషికి ఈ మాట ఎలా చెప్పమంటారు?"

"నడుం నొప్పా? నాతో అనలేదే. సీటు కాస్త వెనక్కి వాల్చుకోమను."

"ఆఫీసు కుర్చీలు వాలవు అనుకుంటాను."

"అదే. ఆఫీసు కుర్చీ. నేనూ అదే అంటున్నా."

"రేపటిది మీటింగ్ కాదు మావయ్యగారూ, ఇంటర్వ్యూ. ఎన్నిచోట్ల అడిగినా పిలిచింది వీళ్ళొక్కరే. ఒక హాస్పిటల్‌కి ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడి, ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పే పని. వాళ్ళూ మిషన్నే పెట్టి చూశారట. జబ్బుతో ఉన్నవాళ్ళు దాన్ని తిట్టి ఫోన్ పెట్టేస్తున్నారట. మనిషే కావాలంటున్నారు. పది నిమిషాలు మాట్లాడనిస్తే చాలు, ఉద్యోగం నాదే, నాకా నమ్మకం ఉంది. ఆ పది నిమిషాలూ నా బొమ్మ ఆగిపోకూడదు. అందుకే ఆపుతానంటున్నాను. ఒక్క గంట. మీ పదింటి పాటలు అప్పటికి అయిపోతాయి, అయినా ఎలాగూ మీరు నడవరుగా."

"ఆ గంట తప్ప ఏ గంటైనా ఆపుకో."

"ఇంతా విన్నాక కూడా అదే మాటా?"

"విన్నాను కాబట్టే. నీ ఇంటర్వ్యూ చెడకూడదు, రెండు పాయింట్ నాలుగూ ఆగకూడదు. రెండూ జరిగే దారుంది, విను. ఇప్పుడు ఆ రెండింటికీ ఒకటే పేరు ఉందా?"

"ఉంది. అందుకేగా లాప్‌టాప్ ఇష్టమొచ్చిన దాంట్లోకి దూకుతోంది."

"పేర్లు విడదియ్యి. ఐదుకి కొత్త పేరు పెట్టు. నీ లాప్‌టాప్‌కి ఆ కొత్త పేరే చెప్పు, పాతది మర్చిపొమ్మను. ఇక దూకుదామన్నా దానికి దారి తెలీదు. రేపు పదకొండింటికి ఆ గదిలో కాదు, ఇక్కడ, ఈ రౌటర్ పక్కనే కూచో. ఇటువైపు ఈగ కూడా రాకుండా చూసుకునే పూచీ నాది."

"ఉండండి. కొత్త పేరు పెట్టాను. ఇప్పుడు లాప్‌టాప్‌లో పాతది మర్చిపో అని నొక్కాలి. నొక్కాను. ఐదులో కలిసింది."

"వెనక గదిలోకి తీసుకెళ్ళి చూడు, దూకుతుందేమో."

"చూసొస్తాను."

"ఏమైంది? వినబడుతోందా?"

"గీతలు తగ్గాయి గానీ దూకలేదు. వచ్చేస్తున్నాను. మావయ్యగారూ, ఇన్నాళ్ళుగా తల పట్టుకు కూచున్నాను, నాకు తట్టనేలేదు ఇది."

"నాకు మాత్రం ఎక్కడ తట్టింది? ఒకాయన చెప్పాడు."

"ఎవరు?"

"తెలిసినాయనే. ఈ కంప్యూటర్ల సంగతులు బాగా తెలిసినవాడు."

"మీతో లిఫ్టుల్లో పనిచేశారా?"

"లేదు. ఈమధ్యే రోజూ కలుస్తున్నాం. పదింటికి."

"కింద నీడలోనా?"

"నీడలోనే."

"అంటే సిగరెట్టు కాదన్నమాట."

"కాదు. ఆయన పక్కన కాసేపు కూచుంటాను, అంతే. పొద్దస్తమానం ఒక్కడే ఉండలేకపోతున్నాడు పాపం. నేనెళ్తే నాలుగు మాటలాడతాడు, ఒకసారి నవ్వుతాడు."

"మంచిపనేగా. దానికింత దొంగతనమెందుకు? పైకి తీసుకురండి, నేనూ పలకరిస్తాను. రేపటి ఇంటర్వ్యూకి ఆయన చేసిన సాయానికి ఒక మాటైనా చెప్పొద్దూ?"

"పిలిచాను. రానన్నాడు. నీకు మొహం చూపించలేడట."

"నాకా? నేనాయనకి తెలుసా?"

"తెలుసు."

"నేనెరిగిన మనిషేనా?"

"మావాడేనమ్మా, నీ మొగుడు. వాళ్ళ ఆఫీసు మూసేసి పదహారు రోజులైంది, కారు పార్కింగ్ దాటలేదు. రేపు పదకొండింటికి వాడికీ ఇంటర్వ్యూ ఉంది, ఆ కారులో కూచుని, మన రెండు పాయింట్ నాలుగులో."