అవతలి జట్టు బల్ల

కెనడాలో, సస్కచ్వాన్‌ రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి ఐస్ హాకీ రింకులో, పెద్ద జట్టుకి కుర్రాళ్ళని వెతికిపెట్టే ముసలాయన తన జాబితాలో ఒక పేరు కొట్టేయడం చూసి, పనిలో కొత్తగా చేరినవాడు ఉలిక్కిపడ్డాడు.

“కోల్బీనా? ఇప్పుడే రెండో గోల్ కొట్టాడు కదండీ!”

“కొట్టాక ఏ బల్ల మీద కూర్చోబోయాడో చూశావా?”

“అవతలి జట్టు బల్ల మీద. అందరూ నవ్వారు.”

“వాడు నవ్వలేదయ్యా. పోయిన నెల తలకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ ఇలా చేయడం ఇది మూడోసారి.”

“మరి ఆ సంగతి బయటికి చెప్పరేం?”

“జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు, మనకన్నా ముందు వంతు వేరే జట్టుది. వాళ్ళు వీణ్ణి తీసుకుంటే, ఇంకో గట్టివాడు మనకి మిగుల్తాడు.”



“కనీసం వాళ్ళమ్మకైనా చెప్పొద్దూ?”

ముసలాయన చేతిలో కాఫీ కప్పు కేసి చూసుకున్నాడు.

“ఇది తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది ఆవిడేనయ్యా.”